చెక్క తుపాకీ, ఖద్దరు చొక్కా

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఆగస్టు 15 నాడు మా బడిలో నాకు ప్రకాశం పంతులు గారి వేషం కట్టారు. వేషానికి పెద్ద హంగు ఏమీ అవసరం కాలేదు. మోకాళ్ళ దాకా వేలాడే మా నాన్నగారి ఖద్దరు చొక్కా, భుజం మీద ఒక కండువా, కాటుకతో దిద్దిన గుబురు మీసం, అంతే. ఎదురుగా ఏడో తరగతి కుర్రవాడొకడు చెక్క తుపాకీ గురిపెట్టి నిలబడతాడు. నేను గబగబా నాలుగు అడుగులు వేసి, గుండీలు విప్పి, రొమ్ము చూపించి, చేతనైతే కాల్చమని గర్జించాలి. రెండో గుండీ దారం చిక్కుపడి ఊడి రాకపోవడంతో గర్జన కాస్త ఆలస్యమైందే గానీ చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి. బహుమతిగా ఇచ్చిన స్టీలు గ్లాసు మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది.

ఆ నాటకంలో ఒక పాత్ర తక్కువైందన్న సంగతి నాకు తెలిసేసరికి ముప్ఫై ఏళ్ళు దాటాయి. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా మద్రాసు హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. పార్థసారథి అనే యువకుడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. శవం దగ్గరకు ఎవరు వచ్చినా కాల్చేస్తామని పోలీసులు హెచ్చరించారు. ప్రకాశం గారు రొమ్ము చూపించి ముందుకు నడిచింది అప్పుడు. అంటే ఆయన ఆ రోజు తుపాకీని సవాలు చేయాలని బయలుదేరలేదు, తుపాకీకి అవతల పడి ఉన్న మనిషి దగ్గరకు వెళ్ళాలని బయలుదేరారు. మా వేదిక మీద ఆ మనిషి లేడు. నిజానికి అంతకంటే తేలికైన పాత్ర ఉండదు; బట్టీ పట్టవలసిన మాటలు లేవు, వేషం అక్కరలేదు, నేల మీద కదలకుండా పడుకుంటే చాలు. అయినా ఆ పాత్ర వేయవలసిన పిల్లవాడు ఒకడు కావాలని నాటకం నేర్పిన మాస్టారికి గానీ, వేసిన మాకు గానీ, చూసిన ఊరికి గానీ తోచలేదు.

ఈ సంగతి తెలిసిన తర్వాత ప్రకాశం గారి మీద నాకున్న గౌరవం తగ్గకపోగా పెరిగింది. నలుగురూ చూస్తుండగా చూపే తెగువ వేరు, పోయినవాడి ముఖం ఒక్కసారి చూసి తీరాలన్న పట్టుదలలోంచి పుట్టే తెగువ వేరు. బారిస్టరుగా గడించినదంతా ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోసి, ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా పనిచేసి కూడా 1957లో చిల్లిగవ్వ వెనకేసుకోకుండా వెళ్ళిపోయిన మనిషి ఆయన. ఆయన పేరున ఒక జిల్లా ఉంది, కృష్ణ మీద బ్యారేజీ ఉంది. అవి దక్కడం న్యాయమే. నన్ను వేధించేది మరొకటి. ఒకే చోట, ఒకే పూట, ఒకే తుపాకుల ముందు నిలిచిన ఇద్దరిలో ఒకరు పాఠంలోకి ఎలా వచ్చారు, మరొకరు పాఠానికి కారణమై ఉండి కూడా బయటే ఎలా మిగిలిపోయారు?

పేరు నిలవడానికి త్యాగం ఒక్కటే చాలదని నాకు మొదట తెలిసింది మా ఇంటి వరండాలోనే. మా నాయనమ్మ తమ్ముణ్ణి మేమంతా చిన్నతాతయ్య అనేవాళ్ళం. ఆయన 1932లో, శాసనోల్లంఘనం రెండో విడతలో, కల్లు దుకాణం ముందు పికెటింగ్ చేసి నాలుగు నెలల కఠిన శిక్ష అనుభవించారు. స్వాతంత్ర్య రజతోత్సవాల సందర్భంగా 1972లో కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు పింఛను మొదలుపెట్టింది. మొదట్లో ఏడాదికి 5 వేల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికే ఇచ్చేవారు; 1980లో ఆ పరిమితి ఎత్తివేసి, అది సాయం కాదు సత్కారం అని తెలిసేటట్టు పథకం పేరు కూడా మార్చారు. ఆ కబురు తెలియగానే మా వీధిలో ఉండే రిటైరైన గుమాస్తా ఒకాయన దరఖాస్తు ఫారం సంపాదించుకొచ్చి, వరండాలో బల్ల వేయించుకుని, ఉత్సాహంగా నింపడం ప్రారంభించారు. శిక్షాకాలం దగ్గరకు వచ్చేసరికి ఆయన కలం ఆగిపోయింది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండి ఉండాలి; ఆడవారికీ, షెడ్యూల్డు కులాల, తెగల వారికీ మాత్రం మూడు నెలలు చాలు. చిన్నతాతయ్యవి నాలుగే. ఆయన నోట్లోని చుట్ట తీసి, “ఇంకో రెండు నెలలు ఉంచుకోండయ్యా అని ఆ జైలరును బతిమాలుకోవలసిందిరా. నాకేం తెలుసు, పొమ్మన్నాడు, వచ్చేశాను” అన్నారు. అందరం నవ్వాం. సగం నింపిన ఆ ఫారాన్ని నాయనమ్మ మడిచి పంచాంగంలో పెట్టింది.

నేను నిబంధనను తప్పుపట్టడం లేదు. ప్రజల సొమ్ము పంచేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. అయితే పెద్దయ్యాక ఆ నిబంధనలను మొదటి నుంచి చివరి దాకా చదివినప్పుడు నాకు వింతగా తోచినది ఒకటుంది. జైలుకు వెళ్ళినవాడు జైలు రికార్డు చూపించాలి. అజ్ఞాతంలో ఉన్నవాడు తనను ప్రకటిత నేరస్థుడిగా నిర్ణయించిన కోర్టు కాగితమో, తన తలకు వెల కట్టిన ప్రకటనో, తన మీద జారీ అయిన నిర్బంధ ఉత్తర్వో చూపించాలి. అంటే ఈ దేశానికి నువ్వు చేసిన సేవకు ఆనాటి తెల్లదొరల కచేరీయే ముద్ర వేసి ఇవ్వాలి. దొరికిపోయినవాడికి సాక్ష్యం ఉంది, దొరకనివాడికి లేదు. రాత్రికి రాత్రి పొలం గట్ల మీద నడిచి ఉత్తరాలు చేరవేసి, తెల్లవారేసరికి తన అరుగు మీద పళ్ళు తోముకుంటూ కూర్చున్న మనిషి తన పనిని ఎంత నేర్పుగా చేస్తే తన ఆనవాలును అంత శుభ్రంగా తానే తుడిచేసుకున్నట్టు లెక్క. జైలు కాగితం దొరకనివారికి తోటి ఖైదీల ధ్రువపత్రం చాలునన్నారు గానీ, ఆ వెసులుబాటు తలుపులోంచి అసలువాళ్ళతో పాటు దొంగ సమరయోధులు కూడా దూరారు, ఆ కేసులు కోర్టుల దాకా నడిచాయి.

ఈ కాగితం సంగతి బాగా ఎరిగిన వీరుడు అల్లూరి సీతారామరాజు అని నాకనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరుసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద పడి, ఎన్ని తుపాకులు తీసుకున్నదీ అక్కడి రికార్డులోనే రాసి సంతకం చేసి వెళ్ళడం తెలుగువారందరికీ తెలిసిన కథే. దొంగ సంతకం చేయడు; తిరుగుబాటుదారు చేస్తాడు. ఆ సంతకం వెనుక ఉన్న అసలు కారణాలు మాత్రం ఎవరి సంతకమూ లేనివి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని నేరం చేసింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో బాస్టియన్ అనే అధికారి కొండవాళ్ళ చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ రోడ్డుకు రాళ్ళు కొట్టినవారిలోంచే రాజు వెంట నడిచినవారు వచ్చారు. వారిలో గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములు ముఖ్యులు. 1924 మే 7న రాజును, ఆ తర్వాత కొద్ది వారాలకే గంటం దొరను ప్రభుత్వ బలగాలు చంపాయి.

మల్లు దొర బతికాడు. ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకప్పుడు ప్రభుత్వం వేటాడిన కొండదొర స్వతంత్ర దేశపు పార్లమెంటులో కూర్చోవడం కంటే గొప్ప కథ ఏముంటుంది? అయినా మన పిల్లల్లో ఎవరిని అడిగినా మల్లు దొర పేరు చెప్పరు. ఆయన చేసిన పొరపాటల్లా సమయానికి చనిపోకపోవడమేమో. ఇది మన్యానికే పరిమితమైన జబ్బు కాదు. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ శాసనసభలో భగత్ సింగ్‌తో కలిసి బాంబు విసిరి, కలిసి నినాదాలు చేసి, కలిసి పట్టుబడిన బటుకేశ్వర దత్ కూడా ఇలాగే బతికి, స్వాతంత్ర్యం వచ్చాక పొట్టకూటికి నానా అవస్థలూ పడి, 1965లో జబ్బుతో చనిపోయారు. తన చితిని హుస్సేనీవాలాలో, తన సహచరుల సమాధుల పక్కన పేర్చమన్నది ఆయన చివరి కోరిక, అది నెరవేరింది. ఆ మరణశయ్య మీద కూడా ఆయన అడిగింది గుర్తింపు కాదు, చోటు మాత్రమే.

రాజు విషయంలో మన జ్ఞాపకానికి రూపం ఇచ్చింది ఎక్కువగా 1974 నాటి సినిమా. కాషాయం, విల్లు, గడ్డం అన్నవి అక్కడి నుంచే గోడల మీదికీ క్యాలెండర్ల మీదికీ ఎక్కాయి. 2022లో ఆయన 125వ జయంతికి భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు, అదే ఏడాది పాడేరు కేంద్రంగా ఆయన పేరున జిల్లా ఏర్పడింది. సంతోషమే. అయితే ఆ రెండేళ్ళ పోరాటంలో అస్సాం రైఫిల్స్ దళాలు కొండల్లో తిరుగుతున్నప్పుడు, పట్టుబడితే ఏమవుతుందో తెలిసి కూడా రాజు మనుషులకు గంజి పోసినవారు ఎందరో ఉండి ఉండాలి. సైన్యం ఆకలితో నడవదు. ఆ గంజి కుండలకు రికార్డు లేదు.

ఆడవారి సంగతికి వస్తే రికార్డు మరీ పొదుపు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు పన్నెండేళ్ళ పిల్లగా, 1921లో కాకినాడకు వచ్చిన గాంధీ గారిని దేవదాసీలతోనూ, ముస్లిం స్త్రీలతోనూ ప్రత్యేకంగా మాట్లాడించాలని పట్టుబట్టారు. 5 వేల రూపాయల నిధి ఇస్తేనే కుదురుతుందని నిర్వాహకులు అన్నారు. ఆ స్త్రీలే ఆ మొత్తం పోగుచేసి ఇచ్చారు. సభ జరిగినప్పుడు చేతుల గాజులు, మెడలో గొలుసులు తీసి గాంధీ గారి ముందు పెట్టారు. దుర్గాబాయి గారు తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, రాజ్యాంగ సభలో కూర్చుని, ఆమె చేసిన పనులన్నిటికీ తగిన పేరు పొందారు. నేను ఆమె కథ చదివినప్పుడల్లా ఆ గాజుల దగ్గర ఆగిపోతాను. సమాజం ఏ మర్యాదా ఇవ్వని స్త్రీలకు ఆ బంగారమే ముసలితనంలో అన్నం. దాన్ని ఇచ్చేశారు. చందా పుస్తకంలో మొత్తం రాస్తారు గానీ, ఏ గాజు ఏ చేతిదో రాయరు కదా.

కాగితం లేకుండా జ్ఞాపకం నిలవదా అంటే, నిలుస్తుంది. నిజాం అటవీ అధికారులను, పన్నులను ఎదిరించి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం వర్ధంతిని గోండులు ఆశ్వయుజ పౌర్ణమి నాడు చేసుకుంటారు. అధికారులూ మంత్రులూ ఆ రోజుకే అక్కడికి వస్తారు; ఇంగ్లీషు తేదీ ప్రతి ఏడూ మారుతుంది, వెన్నెల మారదు. ప్రభుత్వం జిల్లాకు ఆయన పేరు పెట్టడానికి డెబ్భై ఆరేళ్ళు ముందు నుంచే ఆ కొండల్లో ఆ పున్నమి నడుస్తోంది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ హైదరాబాదు కోఠీలో ఉంది. 1857 జూలై 17న బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకుని, తప్పించుకుంటే మళ్ళీ వెంటాడి 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, జనం జడుసుకోవాలని శవాన్ని రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. ఆయనతో కలిసి నడిచిన మౌల్వీ అలావుద్దీన్ అండమాన్‌లోనే కన్నుమూశారు. కోఠీలో ఇప్పుడు వారికి స్మారకం ఉంది, తుర్రేబాజ్ ఖాన్ పేరున రోడ్డూ ఉంది. దాని పక్కనే నిలబడి జనం దిల్‌సుఖ్‌నగర్ బస్సు కోసం మెడలు చాస్తుంటారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చాచాను.

ఈ మధ్య ప్రతి వీరుడి విగ్రహం వెనుక ఒక కుల సంఘం ఉంటోందని చిరాకుపడేవారు ఎక్కువయ్యారు. నాకూ ఆ చిరాకు కొంత ఉంది. కానీ 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పక్కన నిలబడి పోరాడిన వడ్డె ఓబన్న పేరును తన వర్గం వారు మోసుకు రాకపోతే ఇవాళ ఎవరు తలచేవారు? పండితులు చేయని పనిని బ్యానర్లు కట్టేవారు చేశారు. కాబట్టి నోరు మూసుకుంటాను. నాకు మిగిలిన దిగులు, ఏ సంఘానికీ అందని వారి గురించి.

అలాంటివారిలో మా నాయనమ్మ ఒకరు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి, 4 వేల రూపాయలుండే పన్నును 40 వేలకు పెంచినప్పుడు జరిగిన ఉద్యమం పుస్తకాల్లో ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు వచ్చి, పన్ను నిరాకరించి జైలుకు పోవడం ఒక దారి, ఊరే విడిచిపోవడం మరో దారి అన్నారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, కాషాయం కట్టి, రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రెండో దారి పట్టించారు. 15 వేల జనాభాలో 13 వేలకు పైగా జనం ఇళ్ళకు తాళాలు వేసి, మునిసిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్ళినవారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉంది. దుగ్గిరాల వారిని అరెస్టు చేశాక ఉద్యమం సన్నగిల్లింది. ఆయన 1928లో, నలభై ఏళ్ళయినా నిండకుండా, పేదరికంలో పోయారు.

పుస్తకాల్లో లేనిది నాయనమ్మ చెప్పింది. వాళ్ళది నేత ఇల్లు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు, కండెలు చుట్టడం ఆమె పని. ఇంట్లో సామానంతా బండికెక్కించవచ్చు గానీ, గుంటమగ్గంలో నేసేవాడు కాళ్ళు దింపుకునే గుంటను ఎక్కించలేరు కదా. రామనగరంలో మళ్ళీ గుంట తవ్వుకున్నారు. ఇసుక నేల, అంచులు జారిపోయేవి. తాటిమట్టలు అడ్డం పెట్టారు. వానలు మొదలయ్యాక పాక చూరు నుంచి నీళ్ళు నేరుగా గుంటలోకే దిగేవి. వాళ్ళ నాన్న తెల్లవారుజామున లేచి, ముంతతో ఆ నీళ్ళు తోడి పోసి, తడి నేల మీద గోనెపట్టా పరిచి, అందులో కాళ్ళు పెట్టుకుని నాడె విసిరేవాడట. గంజి పెట్టిన పడుగు ఆరక కంపు కొట్టేది. “గాంధీ గారిని చూశావా నాయనమ్మా?” అని అడిగితే, “ఎవరి భుజం మీదనో ఎక్కించారు గానీ, నాకు జనం తలకాయలే కనపడ్డాయి నాన్నా. గుంటలో కప్పలు మాత్రం బాగా గుర్తున్నాయి” అనేది.

పదకొండు నెలల పాటు రోజూ పొద్దున్నే ముంతతో నీళ్ళు తోడిన ఆ మనిషి జైలుకు వెళ్ళలేదు, ఉపన్యాసం చెప్పలేదు, తన చేలో మొక్క పెంచినంత మామూలుగా ఒక ప్రభుత్వాన్ని ఎదిరించి, తిరిగి ఇంటికి వచ్చి, పాత గుంట బూజు దులిపి మగ్గం ఎక్కించుకున్నాడు. ఇవాళ నన్ను ప్రకాశం వేషం కాక మరో వేషం వేయమంటే ఆ ముంత పట్టుకుని వేదిక ఎక్కుతాను.

ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఎండాకాలం సాయంత్రం, రామనగరంలో మీ పాకకు చుట్టుపక్కల ఎవరెవరు ఉండేవారని నాయనమ్మను అడిగాను. ఆమె అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ, ఆ వరుసలోని పాకలన్నిటినీ చెప్పింది. ఇంటి పేర్లతో సహా పదకొండు కుటుంబాలు. ఎవరి పాక అంటుకుందో, ఎవరి కోడలు అక్కడే పురుడు పోసుకుందో కూడా చెప్పింది. నా ఒళ్ళో లెక్కల నోటుబుక్కు ఉంది, జేబులో కలం ఉంది. రాసుకోవాలని నాకు తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే మూడు ఇంటి పేర్లే గుర్తొస్తున్నాయి, అందులో ఒకటి మాదే.